సాలెగూటికి ముడి

పొద్దున మనవరాలు చీమ మీసాలు సైతం కనిపించేలా కొత్త ఫోనులో తీసిన ఫొటో చూపించి మురిసిపోతుంటే, నా చెయ్యి నాకు తెలియకుండానే చొక్కా జేబు తడుముకుంది. బట్టలో పోగులు లెక్కపెట్టే నా చిన్న భూతద్దం ఏళ్ల తరబడి ఉన్న చోటది.

కరోనా లాక్‌డౌన్‌లో, మేం బతుకుతెరువుకు వలసొచ్చిన డిండోలిలో మరమగ్గాలు ఆగిపోయి, ఆ మోత లేకపోతే నిద్రపట్టని నేనూ, మా ఆవిడా ఒక్క గదిలో బందీలమైపోయాం. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లి మీద బెంగతో ఆమె బట్టల మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. రైళ్ళు లేకపోతే ఊరు దాటించే కడోదరా రోడ్డు పట్టి నడిచే పోతానంది. అప్పటికే మోకాళ్ళు అరిగిన మనిషి. ఆమె లేచి నిలబడినప్పుడల్లా నా కళ్ళు ఆ మూట మీదికే పోయేవి, మన ఈడు వాళ్ళకు వేరే చెప్పాలా.

పొద్దుపోక డాబా ఎక్కి, భూతద్దాన్ని ఫోను కెమెరాకు దారంతో కట్టి, పిట్టగోడ పగుళ్ళలో మొలిచిన గడ్డినీ దాని మీది పురుగులనూ ఫొటోలు తీసేవాణ్ణి. గడ్డిపూవుకు ఊదారంగు చారలుంటాయని ఆ వయసులో తెలిసింది. మా ఆవిడ మాత్రం వాటి వంక చూసేది కాదు.

ఒకరోజు బలవంతాన పైకి తీసుకెళ్ళాను. గడ్డిపరకల మధ్య సాలెగూడు, గాలికి ఒక పోగు తెగి వేలాడుతోంది. మగ్గం మీద తెగిన పోగులు అతకడంలోనే వయసంతా గడిపిన మనిషి కదా, నేను ఫొటో తీస్తుండగానే రెండు వేళ్ళు నోట తడిచేసుకుని ముడి వేయబోయింది. గూడంతా చేతికి చుట్టుకుని వచ్చేసింది. "అయ్యో, దాని ఇల్లు నేనే కూలగొడితి గదా" అంటూ అక్కడే చతికిలబడి, అన్నాళ్ళూ అణచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

మర్నాడు నాకంటే ముందే డాబా ఎక్కి పిలిచింది. "జర అద్దం తీస్కొని రా, మల్ల నేస్తున్నది." గూడు పూర్తయ్యేదాకా ఇద్దరం ఫోనుకు కళ్ళప్పగించి కూర్చున్నాం. కిందికి దిగాక ఆమె మూట విప్పి, చీరలు దండెం మీద వేసి, "బండ్లు నడిచినంకనే పోదాం తీ" అంది. తలుపులు మూసే ఉన్నా, ఆ పూట నాకు అన్నం సయించింది.

తర్వాత బండ్లు నడిచాయి, ఆమె వెళ్ళి తల్లిని కళ్ళారా చూసుకుని వచ్చింది. మగ్గాలు మళ్ళీ మోగాయి. వానకు కారుతోందని ఇంటివాళ్ళు ఆ పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్చేశారు. మనవరాలి ఫోనులో చీమను చూసి మా ఆవిడ "మంచిగున్నది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎక్కడికైనా పోవచ్చు, ఎవరూ ఆపరు. ఇద్దరం కలిసి డాబా ఎక్కి మాత్రం ఎన్నాళ్ళయిందో. నా దగ్గర మిగిలిన ఫొటో ఒక్కటే, సాలీడుది కూడా కాదు, ముడి వేయబోతున్న ఆ రెండు తడి వేళ్ళది.