తమ్ముడి ఫోటోలో రెండు చోట్ల తేడా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నిజంగా ఉంటే బతికున్నవాళ్లను చూసి అవే పారిపోతాయని ఆఫీసులో జోకులేసేదాన్ని. ఇదీ దయ్యం కథ అని చెప్పను.

మాది మంచిర్యాల. ఇంటి నుంచే పనిచేస్తాను. ఫోటోలను బాగుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ఫంక్షన్ మరీ నెమ్మదిగా నడుస్తోందని, దాని వేగం పెంచమని నాకు అప్పగించారు. ఫోటోలో గరుకు పోగొట్టడం దాని పని. ఫోటోలోని ప్రతి చుక్కనూ చుట్టుపక్కల చుక్కలతో పోల్చి, వెలుగును బట్టి వరుసగా పేర్చి, మధ్యదాన్ని ఉంచుతుంది. కావలసింది మధ్యదొక్కటే కదా అని అక్కర్లేని పోలికలన్నీ తీసేశాను. ఫలితం మాత్రం పాతదానితో చుక్క చుక్కకూ కలవాలి. పరీక్షకు పెట్టిన ఫోటోలన్నిటిలో కలిసింది, ఒక్కదాంట్లో తప్ప.

అది మా తమ్ముడిది. కిందటి వానాకాలం జ్వరంతో పోయాడు. మేం క్రైస్తవులం. శవపేటిక చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో దిగడం మాలో మామూలే. షామియానా కింద మసకగా వచ్చిన ఆ ఫోటోను మా అమ్మకు, మేం అవ్వ అంటాం, బాగుచేసి ఇద్దామని పరీక్షలో దాన్నీ పెట్టాను.

తేడా రెండు చోట్లే ఉంది. పెద్దది చేసి చూశాను. తమ్ముడి కళ్లు తెరిచి ఉన్నాయి.

అసలు ఫోటోలో మూసే ఉన్నాయి. మళ్లీ నడిపాను, అదే వచ్చింది. కోడ్ అంతా గాలించాను. కళ్లు గీసే తెలివి దానికెక్కడిది? కరీంనగర్‌లో ఉండే తోటి ఉద్యోగికి ఏమీ చెప్పకుండా పంపాను. "పెట్టెల పండుకున్నాయన గట్ల చూస్తుండేంది?" అని అడిగాడు.

ఆ ఒక్క ఫోటోను పరీక్షలోంచి తీసేయమన్నారు ఆఫీసువాళ్లు. తీసేశాను. అన్నీ కలిశాయి. వేగం బాగా పెరిగిందని మెచ్చుకున్నారు కూడా.

అన్నానికి పిలవడానికి వచ్చిన అవ్వ నా వెనక నిలబడి, తెర మీద కళ్లు తెరిచి ఉన్న ఆ ఫోటో చూసింది. సంతోషిస్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, పిచ్చిదాన్ని.

మావాళ్లు చనిపోయాడు అనరు, ప్రభువులో నిద్రించాడు అంటారు. ఓదార్చడానికి వచ్చిన ప్రతివాళ్లూ అవ్వకు ఆ మాటే చెప్పి, టీ తాగి వెళ్లారు.

"అందరు నిద్రించిండన్నరు గద బిడ్డా. నిజంగ నిద్రలనే ఉండెనా? లేపకుంటనే బొందల పెట్టినమా?"

డాక్టరు చూశాడు కదా అన్నాను. అసలు ఫోటో చూపించాను. "గప్పుడు పండుకున్నడు. గిప్పుడు లేసిండు" అంది.

కళ్లు తెరిచిన ఫోటోను తుడిచేశాను. ఆ కళ్లు ఎలా తెరుచుకున్నాయో ఇప్పటికీ నాకు తెలియదు. అవ్వ రోజూ సమాధి దగ్గరికి పోయి బండకు చెవి ఆనించి పడుకుంటోంది. తీసుకురావడానికి వెళ్తే, చప్పుడు చేయొద్దని నాకు చేత్తో సైగ చేస్తుంది.