కోడె కొమ్ములు, పిల్ల కాళ్లు

నా మనవరాలికి అయిదేళ్లప్పుడు పాదాలు లోపలికి తిరిగి ఉండేవి. పరుగెత్తితే కాలికి కాలు తగిలి పడేది. పడినప్పుడల్లా నా కొడుకు ఎద్దులను తోలే ముల్లుగర్రతో దాని పిక్కల మీద కొట్టేవాడు. తొడ ఎముక కాస్త లోపలికి తిరిగిందనీ, ఎదిగే కొద్దీ చాలామందికి దానంతటదే సరిపోతుందనీ, కట్లు కట్టొద్దనీ కళ్యాణదుర్గం డాక్టరు చెప్పాడు. కొడుకు నమ్మలేదు.

ఒకరోజు నేను శనక్కాయ చేను నుంచి వచ్చేసరికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కొడుకు దాని పాదాలను బయటికి మెలిపెట్టి, రెండు పలకలకు నైలాన్ తాడుతో బిగించాడు.

"ఏమప్పా, కోడెదూడనుకుంటివా?"

"మందే రాయనోడు యాడి డాక్టరుమ్మా? కోడె వంకర కొమ్ములు తాడుతో కట్టి నేరుగా నిలబెట్టినోణ్ణి, కాళ్లు నిలబెట్టలేనా?"

"కొమ్ముకు నొప్పి తెలీదురా. దీని కాలి యేళ్లు నల్లబడినాయి, ఇప్పు!"

వాడు తాడు ఇంకా బిగించాడు. ముల్లుగర్ర లాక్కుని వాడి మోకాలి కింద ఎముక మీద ఒక్కటి వేశాను. కూలబడ్డాడు.

"లెయ్. ఇప్పుడు నువ్వు నేరుగా నడువు, చూస్తా."

కొడవలితో తాడు కోశాను. పలకలు పొయ్యిలో పెట్టి అన్నం వండాను.

పదేళ్లు వచ్చేసరికి దాని పాదాలు వాటంతటవే సరిపోయాయి. అంతవరకూ ముల్లుగర్ర నా మంచం కిందే ఉంది.