కంచె కింద రెండు జానలు

ఫిబ్రవరి చివరి వారం. ఉదయం ఏడింటికి ఆత్మకూర్ బస్సు నన్ను ఒక మట్టి మలుపు దగ్గర దింపింది. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు నడక. చెట్టు తక్కువ, రాయి ఎక్కువ. గుట్టల నడుమ ఏడడుగుల జాలీ కంచె, లోపల సోలార్ పలకలు. అదే నా పోస్టింగ్.

పదిహేడేళ్ల ఫౌజు తర్వాత మాలాంటి వాళ్లకు ఎక్కువగా దొరికేది కాపలా పనే. దీన్ని కూడా ఒక సరిహద్దు డ్యూటీ అనే అనుకున్నాను. అక్కడ మంచులో కంచె, ఇక్కడ ఎండలో కంచె.

కిట్టులో లాఠీ, టార్చి, విజిల్, వాకీటాకీ, రెండు లీటర్ల నీళ్లు. ఆర్డరు ఒక్కటే: పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి కంచె బయట చుట్టూ నడవాలి. చుట్టు ఆరు కిలోమీటర్లు. తెగిన తీగ, ఒరిగిన స్తంభం, సందు ఏది కనబడినా చెప్పాలి.

పూల సంగతి చెప్పమని ఎవరూ అనలేదు. ముందు కనబడినవి మాత్రం అవే. ఆకంతా రాల్చుకున్న నల్లటి మోదుగ కొమ్మల మీద ఎర్రటి పూత. తర్వాత బూరుగు. దాని పూలు దప్పుమని కింద పడేవి, గోరింకలు వాటి కోసం కొట్లాడుకునేవి. మార్చి సగానికి వేప పూత వాసన. ఉత్త నేల మీద గుడ్లు పెట్టిన ఒక తీతువు, రోజూ అదే చోట అరుస్తూ నా బూట్ల మీదికి వచ్చేది. నేను రోజూ అక్కడ పది అడుగులు పక్కకు తిరిగి పోయేవాణ్ణి.

పడమటి వైపు కంచె ఒక ఎండిన వాగును దాటుతుంది. అక్కడ నేల దిగి, జాలీ కింద సందు మిగిలింది. కొలిచాను. రెండు జానలు. మట్టి నున్నగా అరిగి ఉంది. ఎందుకో గొర్రెలు మేపుకునే ఎల్లవ్వ చెప్పింది.

"జింకలు, కొడుకా. పొద్దంత పలకల నీడకు పండుకుంటయి. పొద్దుగూకంగ గీడికెళ్లే కుంటకు పోతయి. లోపల చుక్క నీళ్లు లేవాయె."

"గీ కంచె వాటికొక లెక్కనా అవ్వా? దుంకి పోవా?"

ఆమె నవ్వింది. "దుంకుడంత బయట బీడు భూములల్లనే. కంచె కాడ దుంకయి, తల వంచి కిందికెళ్లి దూరుతయి. ఫౌజుల గిది నేర్పలేదా నీకు?"

ఆ సాయంత్రం గట్టు చాటున కూర్చుని చూశాను. తొమ్మిది ఆడవి, వెనుక ఒక నల్లని మగది. మోకాళ్లు వంచి, పొట్ట నేలకు రాస్తూ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒక ఆడదాని కడుపు పెద్దది. అది ఇరుక్కుంది, పక్కకు ఒరిగి దాటింది. ఆ తర్వాత రోజూ ముందు దాన్నే వెతుక్కునేవాణ్ణి.

సందు గురించి నేను చెప్పలేదు. మరో గార్డు చెప్పాడు. మార్చి చివర్లో పెద్ద సార్లు చూడటానికి వస్తారనగా ఇన్‌చార్జ్ నన్ను పిలిచాడు. పాతికేళ్ల ఇంజనీరు.

"సుబేదార్ సాబ్, వాగు కాడి సందు మూయిస్తున్న."

"హవల్దార్‌ను సార్. జర ఉండనియ్యండి. జింకలు నీళ్లకు అక్కడికెళ్లే పోతయి."

"జింకలకు గేట్ పాస్ రాసియ్యాల్నా? టీవీల చూడలేదా ఎట్ల ఎగుర్తయో? దుంకి పోతయి తియ్యండి."

"కంచె కాడ దుంకయి సార్. మూస్తే మూయండి, సాయంత్రం అవి బయటికి పోయినంక మూయండి. గంత చాలు."

"సరే సరే. మీరైతే మెడల్స్ పెట్టుకొని రెండ్రోజులు గేటు కాడ నిలబడాలె. సెల్యూట్ గట్టిగ పడాలె."

పెట్టె అడుగు నుంచి మెడల్స్ తీసి, తుడిచి, పెట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం పన్నెండింటికి వాగు వైపు గార్డును వాకీటాకీలో అడిగాను.

"వాగు కాడ పని ఎప్పుడు? ఓవర్."

"పొద్దుగాలనే అయిపోయిందన్నా. రెండు వరుసల జాలీ, కింద సిమెంటు. ఓవర్."

"జింకలు?"

"లోపల్నే ఉన్నయి. కంచె పొంటి ఒకటే ఉరుకుడు. చూడనీకి మస్తుగున్నదే."

కంట్రోల్ రూం ఆపరేటర్ మధ్యలో దూరాడు. "ముచ్చట్లు బంజేయుండ్రి. కార్లు మలుపు కాడికొచ్చినయి."

కార్లు వచ్చాయి. సెల్యూట్ గట్టిగా పడింది. రాత్రి ఇన్‌చార్జ్‌ను అడిగితే, "రేపు సార్లు పోయినంక చూద్దాం" అన్నాడు. రెండో రోజు ఎండ నిన్నటి కంటే ఎక్కువ. ఆ రోజు కూడా నిలబడ్డాను.

మూడో రోజు ఆరింటికి తీగలు కోసే కటింగ్ ప్లయర్ పట్టుకుని నేరుగా వాగు దగ్గరికి పోయాను. ఎల్లవ్వ అప్పటికే అక్కడ ఉంది. కర్రతో చూపించింది. పెద్ద కడుపుది. మోకాళ్లు వంచే ఉంది. మూతి కొత్త సిమెంటుకు ఆనించి ఉంది. మీద నాలుగు మోదుగ పూలు రాలి ఉన్నాయి.

సిమెంటు పగల్లేదు. దాని పైన జాలీని రెండు జానలు కోసి మడిచాను. ఆ సాయంత్రం మగదానితో కలిపి ఆరు దాటాయి. మూడింటిని మళ్లీ చూడలేదు.

వాకీటాకీ మోగింది, ఇన్‌చార్జ్ గొంతు. "ఎవరన్న అడిగితే జింకను కుక్కలు కొరికినయని చెప్పుండ్రి సాబ్."

"దాని మీద కుక్క పన్ను ఒక్కటి లేదు సార్."

"మరి కంచె ఎవడు కోసిండు?"

"నేనే. ఓవర్."

మరుసటి పొద్దున నా లాఠీ, వాకీటాకీ వెనక్కి తీసుకుని, ఇక పనికి రావద్దన్నారు. పోయే ముందు ఆఖరిసారి చుట్టూ నడిచాను. తీతువు అరిచింది, పక్కకు తిరిగాను.

మా ఊరు చిట్యాల చేరేసరికి చీకటి పడింది. "అక్కడ మోదుగలు పూసినయా?" అని నా భార్య అడిగింది. "మంచిగ పూసినయి" అన్నాను.

ఆమెకు చెప్పనిది ఒకటి ఉంది. ఆ ఆఖరి చుట్టులో చూసింది. కంచెకు ఇవతల నెల రోజుల నా బూట్ల బాట. అవతల, జానెడు దూరంలో, రెండు రోజుల గిట్టల బాట. ఆరు కిలోమీటర్లు, ఎక్కడా తెగలేదు. ప్రతి స్తంభం దగ్గర ఆగి, మట్టి తవ్వి, ముందుకు పోయాయి. నేను వెతికిన సందులే అవి కూడా వెతికాయి. నాకు దొరికితే మూయించాలి, అదే నా డ్యూటీ.