తలుపు మీద మెర్ల్ స్టోల్ నంబరు

టర్లాక్ ఊరి బయట బాదం గోదాములో ఒడీలియా బోర్బా ముప్పై ఒక్క ఏళ్ళుగా లారీల లెక్క చూస్తోంది. సరుకు మోసే ప్రతి లారీ తలుపు మీదా రవాణా శాఖ ఇచ్చిన నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరిది, వాళ్ళకు మోసే అనుమతి ఇంకా ఉందా, వచ్చినవాళ్ళు నిజంగా వాళ్ళేనా అని తేల్చుకున్నాకే ఆమె గేటు తీయమంటుంది. అప్పటిదాకా గోదాములోంచి ఒక్క గింజ కదలదు.

ఫ్రెస్నో నుంచి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు డారెల్ హాంక్‌కు ఇదంతా చాదస్తంగా తోచేది. కోతల కాలం, గోదాము నిండా సరుకు, బయట బారులు తీరిన లారీలు. ఈవిడేమో కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక్కో అంకె సరిచూస్తుంది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నీలం లారీ ఒకటి వచ్చింది. నలభై నాలుగు వేల పౌండ్ల బాదం ఎక్కించుకుని ఓక్లండ్ రేవులో ఓడకు అందించాలి. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఒడీలియా బయటికి వెళ్ళి తలుపు మీద నంబరు చూసి వచ్చింది. కుర్చీలో కూర్చుంది గానీ గేటు తీయమని చెప్పలేదు.

"కంప్యూటర్లో అనుమతి ఉన్నట్టే చూపిస్తోంది కదండీ. ఇన్సూరెన్సు వాళ్ళూ సరేనన్నారు. ఇంకేం కావాలి మీకు?" అన్నాడు డారెల్.

"ఇది మెర్ల్ స్టోల్ నంబరు. నెబ్రాస్కా మనిషి. ఒక్క లారీ ఉండేది, అదీ తనే నడిపేవాడు. మన దగ్గర సరుకెత్తి పన్నెండేళ్ళయింది."

డారెల్ తెరవైపు చూశాడు. యజమాని పేరు మెర్ల్ స్టోల్ అనే ఉంది. ఆమె తెర ఇంకా తన వైపు తిప్పుకోనే లేదు. ఈ గేటు దాటిన నంబర్లు ఎన్ని వేలో అతను ఊహించబోయి మానుకున్నాడు.

"అయితే మంచిదే కదా, పాతవాడే."

ఆమె అప్పుడు తెర తన వైపు తిప్పుకుని చదివింది. "ఫోను నంబరు మారింది. పదకొండు రోజుల కిందట."

"జనం ఫోన్లు మార్చుకోరా ఏంటి?"

"మార్చుకుంటారు నాయనా. పాతదానికి ఎవరు పలుకుతారో చూద్దాం."

సొరుగులోంచి పచ్చబడిన అట్టకార్డు తీసి, దాని మీదున్న ఇంటి నంబరుకు, డారెల్‌కూ వినబడేలా స్పీకరు పెట్టి, ఫోను కలిపింది. చాలాసేపు మోగాక ఒక ముసలావిడ ఎత్తింది. తన పేరు ఆర్లీన్ స్టోల్ అంది.

"మెర్ల్ ఉన్నారాండీ?" అడిగింది ఒడీలియా.

"పోయి రెండేళ్ళయిందమ్మా. ఎవరు మీరు?"

ఒడీలియా చెప్పింది. మీ ఆయన నంబరుతో ఒక లారీ మా వాకిట్లో నిలబడి ఉందంది.

"ఏ రంగు?" అడిగింది ఆర్లీన్.

"నీలం."

"మాది ఎరుపు. కొట్టంలోనే ఉంది. కోళ్ళు దాని మీదే పడుకుంటాయి. ఆ నంబరు మూసేయమని మా అక్క ఎన్నిసార్లో చెప్పింది, నాకే మనసొప్పలేదు."

గోడ అవతల, ఎండలో, చనిపోయిన మనిషి పేరుతో ఒక లారీ ఇంజను ఆడుతోంది.

డారెల్ షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేస్తుండగానే ఒడీలియా లారీ దగ్గరికి నడిచింది. డ్రైవరు గుర్నామ్, స్టాక్టన్ వాసి, యాభై ఏళ్ళవాడు, మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"నీ కంపెనీ వాళ్ళను ఎప్పుడైనా చూశావా నాయనా?"

"లేదమ్మా. లారీ నాదే, వాళ్ళ దగ్గర చేరి వారమైంది. అంతా ఫోన్లోనే. తలుపు మీద అంటించే స్టిక్కర్లు పోస్టులో పంపారు."

"సరుకు ఎక్కడ దించమన్నారు?"

"కాగితంలో ఓక్లండ్. ఇందాక ఫోన్ చేసి లాస్ ఏంజెలెస్ వైపు పొమ్మన్నారు. ఏం, తప్పా?"

ఆమె జరిగింది చెప్పింది. గుర్నామ్ కప్పు కింద పెట్టేసి ఆ ఫోనుకు మూడుసార్లు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. "దొంగసరుకు మోసేవాణ్ణా నేను?" అన్నాడు మెల్లగా, తనలో తాను.

షెరీఫ్ మనుషులు వచ్చి గుర్నామ్‌ను గంటసేపు ప్రశ్నించారు. అడిగినదానికల్లా సూటిగా చెప్పాడని ఒడీలియా తన వాంగ్మూలంలో రాయించింది. స్టిక్కర్లు ఊడదీసి తీసుకుని, లారీతో సహా అతన్ని పంపేశారు. నంబరు దొంగిలించినవాళ్ళు ఎవరో ఆ రోజు తేలలేదు.

ఒడీలియా మళ్ళీ ఆర్లీన్‌కు ఫోను చేసి, ప్రభుత్వ రికార్డులో ఆ నంబరు మూయించడానికి పత్రం ఎలా నింపాలో ఒక్కో గడీ చెబుతూ కూర్చుంది.

"మూసేస్తే ఇంకెవరికైనా ఇస్తారా?" అడిగింది ఆర్లీన్.

"ఒకరికిచ్చిన నంబరు ప్రభుత్వం ఇంకొకరికివ్వడం నేనింతవరకు చూళ్ళేదు."

"అయితే మూసేద్దాం. ఆ నంబరు ఒక్కసారి పైకి చదవమ్మా, వింటాను."

ఒడీలియా కార్డు వైపు చూడకుండానే నిదానంగా ఏడంకెలూ చదివింది. ప్రార్థన వినబడినట్టయింది డారెల్‌కు. టోపీ ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు.

మర్నాడు ఆ సరుక్కి ఇంకో లారీ వచ్చింది. డారెల్ తనే బయటికి వెళ్ళి, తలుపు మీద నంబరు రాసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఈ నాలుగోది ఒకటా, ఏడా?" అడిగింది ఒడీలియా.

డారెల్ కాగితం వైపు చూశాడు. లారీ తలుపు మళ్ళీ చూసి రావడానికి ఎండలోకి నడిచాడు.