దొరికిన చెల్లి, దొరకని పలక

మొన్నామధ్య మా మనవరాలు, అంటే మా పెద్దమ్మాయి కూతురు, తన నాలుగో తరగతి నోటుపుస్తకం నా ఒళ్లో పడేసి మూతి ముడుచుకుని కూర్చుంది. సెలవులకు మా ఊరు రమ్మని స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నారట బళ్లో. ఇదేమో, ఓడలరేవు అనే ఊరికి మారిపోయిన తన నేస్తానికి, ముందు నా రంగు పెన్సిళ్లు పంపించు, అవి వచ్చాక నువ్వు రావచ్చు అని రాసింది. పదికి మూడు మార్కులు. పక్కన ఎర్ర సిరాతో, ఆహ్వానం ఇలా ఉండదు అని ఒక ముక్క. గైడులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించిన పిల్లలకు తొమ్మిదేసి వచ్చాయని వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. బడికి వెళ్లి నాలుగు దులిపేసి వద్దామని చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లినవాణ్ణి, మళ్లీ ఆ ఎర్ర సిరా కళ్లబడి ఆగిపోయాను. అలాంటి గీత ఒకటి, నలభై ఏళ్ల కిందట, నేనూ గీశాను.

నేను చదివింది రెండో తరగతి. ఆ తర్వాత ముక్తేశ్వరంలో ఒక కొబ్బరి కొట్లో కాయలు ఒలుస్తూ, పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు విప్పి చదువుకుంటూ చదువు కూడబెట్టుకున్నాను. ఏ కాగితం ఎందుకలా మొదలవుతుందో అని నాకు ఒకటే ఆరా. కోర్టు నోటీసు అంత కోపంలోనూ అంత మర్యాదగా ఎలా మాట్లాడుతుంది, ఊరందరినీ పిలిచే శుభలేఖ ఏ ఒక్కరినీ పలకరించదేం, కథ అయితే ఎవరూ అడక్కుండానే వానతో ఎందుకు మొదలవుతుంది అని పోల్చి పోల్చి చూసేవాణ్ణి. అలా చూడగా చూడగా అర్జీ రాయడంలో నా చేయి తిరిగింది. మస్కట్టు, దుబాయి వెళ్లినవాళ్లకు ఇంటివాళ్ల ఉత్తరాలూ నేనే రాసేవాణ్ణి. డిగ్రీలున్నవాళ్లు కూడా నా దగ్గరికే వచ్చేవారని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆ సంగతి విని మా చిన్నబడి టీచరమ్మగారు, పిల్లలకు రకరకాల రాతలు నేర్పమని నన్ను పిలిచారు. ఆ బడికి సగంమంది పిల్లలు ఏటిపాయ అవతలి లంక నుంచి పడవలో వచ్చేవారు. ముందటేడు వరదకు రేవు మెట్లు కొట్టుకుపోయి, పడవ దిగిన పిల్లలు మోకాలి లోతు ఒండ్రులో నడవాల్సి వచ్చేది. భయపడి ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించేస్తున్నారు. మళ్లీ వానలు పడేలోగా మెట్లు కట్టకపోతే లంక పిల్లలు ఇక రారని టీచరమ్మగారి బెంగ. నేను రాసిన అర్జీలు అప్పటికి మూడు వెళ్లాయి, జవాబు లేదు.

అందుకని ఆ రేవునే పాఠం చేశాను. దాన్నే ఒకరు కథగా రాయాలి, ఒకరు మేనమామకు ఉత్తరంగా, ఒకరు గోడమీది ప్రకటనగా, మిగిలినవాళ్లు అర్జీగా. కథ రాసినవాడు రేవులో మొసలిని పెట్టాడు. ప్రకటన రాసినవాడు, రేవులో బురద ఉచితం, ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లండి అన్నాడు. మేనమామకు రాసిన పిల్ల రేవు సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా పేజీ అంతా గౌను అడిగింది. ఒకే బురద ఇన్ని రకాలుగా కనిపించడం నాకు భలే తమాషాగా అనిపించింది.

మూడో తరగతి చదివే ఒక లంక పిల్ల అర్జీ మాత్రం ఇలా ఉంది: "ఆఫీసరు గారండీ, మా చెల్లి రేవులో పడిపోయింది. పలక కూడా పడిపోయింది. చెల్లి దొరికింది. పలక దొరకలేదు. చెల్లిని బడికి పంపనని మా అమ్మ అంటుంది. వానలొస్తే నన్ను కూడా మానేయమంటుంది."

నేను ఎర్ర పెన్సిలు తీసి అడ్డంగా గీత కొట్టాను. అర్జీలో చెల్లెళ్లూ పలకలూ ఉండవని, మహారాజశ్రీతో మొదలై చిత్తగించవలెనుతో ముగియాలని చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. "పడిపోయింది మా చెల్లేనండీ" అంది నెమ్మదిగా. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగో అర్జీ నేనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పోస్టులో వేయమని టీచరమ్మగారి చేతికిచ్చాను. రెండు వారాలకు ఒక ఆఫీసరుగారు జీపులో రేవుకు వచ్చారు. నేను చొక్కా సర్దుకుని ఎదురెళ్లాను. అర్జీ నాదేనని చెప్పేలోగానే ఆయన అడిగారు, "దొరికిన పిల్ల ఎవరండీ?" అని. ఆయన చేతిలో ఉన్నది నా ఎర్ర గీత ఉన్న కాగితం.

వానలకు ముందే మెట్లు పడ్డాయి. అక్క వెనకాలే చెల్లి, కొత్త పలక గుండెలకు హత్తుకుని దిగింది. ఊరంతా సంబరపడుతుంటే నేను మాత్రం టీచరమ్మగారి మీదికి వెళ్లాను, నాకు చెప్పకుండా ఆ కాగితం కవర్లో ఎందుకు పెట్టారని. ఆవిడ తాపీగా, "చెబితే మీరు దిద్దేసేవోరు కదండీ" అన్నారు. ఆయ్, నిజమేనండీ అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ పాయ మీద వంతెన ఉంది, లంక పిల్లలు ఆటోల్లో కాలికి తడి అంటకుండా దాటేస్తున్నారు. పుస్తకంలో రాతల రకాలు కూడా మా కాలానికి నాలుగింతలు పెరిగాయి, కరపత్రమని, సంభాషణని, దినచర్యని. చెప్పులు విప్పేసి వచ్చి మనవరాలి పక్కన కూర్చుని, ఈ ఉత్తరం నీ నేస్తానికి పంపించావా అని అడిగాను. అది నన్ను వింతగా చూసి, "పంపడానికి కాదు తాతయ్యా, మార్కులకి" అంది.

లంక పిల్లకు అర్జీ అంటే ఏమిటో తెలియదు గానీ, దాన్ని చదివే మనిషి ఒకడు ఎక్కడో కూర్చుని ఉంటాడని తెలుసు. అన్ని రకాలూ నేర్చుకుంటున్న ఈ పిల్లలకు ఆ ఒక్కటీ ఎవరు చెబుతున్నారో నాకు తెలియడం లేదు. ఆ పేజీ జాగ్రత్తగా చింపి, కవరు తెచ్చి, ఓడలరేవు చిరునామా దానిచేతే రాయించాను. అంటించబోతుంటే రెండు తప్పులు కనిపించాయి. జేబులో పెన్ను ఉంది. తీయలేదు. పోస్టులో వేసి వారం అయింది. పోస్టు వచ్చే వేళకు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నది మా మనవరాలు కాదు, నేనే.