బావ వాచీలు, మా కంపెనీ గడియారం

పోయిన ఆదివారం అమీన్‌పూర్‌లో కూతురింటికి వెళ్ళాను. మా అల్లుడికి కీ ఇచ్చే వాచీలంటే పిచ్చి. పాతవీ కొత్తవీ కలిపి పన్నెండో పదమూడో, తోలుపెట్టెలో మఖమల్ గుడ్డ మీద వరసగా పడుకోబెట్టి ఉంటాయి. కొత్తగా కొన్నదాన్ని తిరగేసి, వెనక అద్దంలోంచి పళ్ళచక్రాలు చూపించి, నా చేతికి కట్టి, "రోజుకు పది సెకన్లు ఎనుకబడ్తది మామయ్యా. అదే దీని అందం. టైంతోటి మనకేం పని?" అన్నాడు. నేను వాచీ విప్పి బల్ల మీద పెట్టాను. టైంతో పనిలేని వాళ్ళకే ఇలాంటి ముచ్చట్లని ముఖం మీదే అనేశాను. నా కూతురు వంటింట్లోంచి తొంగిచూసింది. పాపం, అతని తప్పేమీ లేదు. నా కోపం ముప్పై ఏళ్ళు దాటిన కోపం.

పోతిరెడ్డిపల్లిలో మా అక్క భర్తకూ వాచీలు పోగుచేసే అలవాటుండేది. బావ తండ్రి జీవితమంతా పరాయి పొలాల్లో పొద్దు చూసుకుంటూ పనిచేసిన మనిషి. బావ ఏడో తరగతితో ఆపేసి, పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో మిషన్ మీద చేరాడు. వారపు అంగడిలో పాత ఇనుపసామాన్ల గుట్ట ముందు కూర్చుని ఆగిపోయిన వాచీలు ఏరేవాడు. ఇంటికి తెచ్చి, మూత ఊడదీసి, కిరసనాయిల్లో ముంచిన కోడి ఈకతో తుడిచి నడిపించేవాడు. అలా ఎనిమిది వాచీలు బిస్కెట్ల డబ్బాలో చేరాయి. రోజుకొకటి కట్టేవాడు. ఒకటి వానాకాలం మొరాయించేది, ఇంకొకటి బోర్లా పెడితే తప్ప నడిచేది కాదు. ఇత్తడి మూత కింద చెమటకు మణికట్టు మీద ఆకుపచ్చ మరక పడేది. పొద్దున్నే స్నానం చేసి ఎనిమిది వాచీలకూ కీ ఇచ్చాకే మాతో మాటలు. "నాతోటి మాట్లాడాల్నన్నా ముందు ఈయనకు చెవి పిండాల్నేమో" అని అక్క నవ్వేది.

ఆ కంపెనీలోనే టైం ఆఫీసులో నేను గుమాస్తాను. ఇంటర్ పాసై కొత్తగా చేరాను. గోడకున్న పెద్ద కరెంటు గడియారం చూసి సైరన్ మీట నొక్కడం నా పని. చేరిన రెండో నెలలో మేనేజరు పిలిచి, మధ్యాహ్నం భోజనాలయ్యాక గడియారం ముల్లు పదిహేను నిమిషాలు వెనక్కి తిప్పమన్నాడు. అయిదింటికి జనం వెళ్ళిపోయాక మళ్ళీ సరిచేయాలి. ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి స్టూలెక్కి తిప్పాను.

ఆ పదిహేను నిమిషాల్లో అయిదూ పదికి వచ్చే సంగారెడ్డి బస్సు వెళ్ళిపోయేది. ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్ళు పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చేవాళ్ళు. ఇంకో గంట హైవే మీద దుమ్ములో, ఫ్యాక్టరీల ఘాటు వాసనలో నిలబడేవాళ్ళు. బావ ముందు తన వాచీలనే అనుమానించాడు. రేడియో వార్తలతో సరిచూసుకున్నాడు. ఒకరోజు ఒకే చేతికి మూడు వాచీలు కట్టుకొచ్చాడు. మూడూ ఒకే మాట చెప్పాయి.

నా కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు. "బామ్మర్దీ, ఆ గోడ గడియారాన్ని ఎవలన్న ముట్టుకుంటున్నరా?"

"ఎవలు ముడ్తరు బావా? కరెంటు పోతుంటది గద, గందుకే ఎనుకబడ్తది" అన్నాను.

గడియారం కింది స్టూలు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ వారమే షెడ్డులో అందరికీ చెప్పాడు. అయిదు కాగానే చెయ్యెత్తి వాచీ చూపించేవాడు. నాలుగో రోజు గేటు దగ్గర నోటీసు పడింది. మిషన్ల దగ్గర ప్రమాదం కాబట్టి చేతికి వాచీ ఉండకూడదట, గేటులో అప్పగించి లోపలికి పోవాలట. బంగారు రంగు వాచీతో మిషన్ల మధ్య తిరిగే మేనేజరుకు మాత్రం ఆ ప్రమాదం వర్తించలేదు. వాచీలు పట్టుకునే ట్రే నా చేతికే ఇచ్చారు.

బావ ఒకటి విప్పి ట్రేలో వేసేవాడు, ఇంకొకటి చొక్కా చేతికింద మోచేతి పైకి ఎక్కించుకునేవాడు. ఓ రోజు సెక్యూరిటీ వాడు తడిమి పట్టుకున్నాడు. మేనేజరు గదిలోకి నన్నూ పిలిచారు. బల్ల మీద ఆ వాచీ ఉంది. నీలాంటి వాడికి రోజుకో వాచీ ఎక్కడిది, ఎవరిళ్ళలో కొట్టేశావని మేనేజరు అడిగాడు. అంగడిలో కొన్నానన్నాడు బావ. మేనేజరు నా వైపు తిరిగాడు. కొనగా నేను చూశానా? చూశాను. ఆ వాచీ కొన్నరోజు పక్కన కూర్చుని బఠానీలు తింటున్నది నేనే.

"నాకు తెల్వది సార్" అన్నాను.

బావను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. గేటు దాకా వెనకాలే వెళ్ళాను, ఏం చెబుదామనో నాకే తెలియదు. ఆయన ఆగాడు.

"నువ్వే తిప్పుతున్నవని నాకు ముందే తెల్సు. స్టూలు మీద నీ చెప్పుల దుమ్ము సూసిన. నీ నోటితోటి చెప్తవేమోనని అడిగిన, అంతే."

మర్నాడు అయిదింటికి సైరన్ లేకుండానే షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎవరి చేతికీ వాచీ లేదు, కిటికీలోంచి పొద్దు చూసుకునే ఆపారు. ప్యాకింగు ఆడవాళ్ళు కొంగులు దులుపుకుని ముందు నడిచారు, వెనక మగవాళ్ళు. మూడు రోజులు అలాగే జరిగింది. నాలుగో రోజు ఇక ముల్లు ముట్టొద్దని మేనేజరు నాతో అన్నాడు, అదేదో నా ఆలోచన అన్నట్టు. బావను మాత్రం తిరిగి పిలవలేదు. ఆ ఏడాది నా జీతం పెంచారు. వద్దనలేదు, తీసుకున్నాను.

బావ తర్వాత సంగారెడ్డి బస్టాండు దగ్గర చిన్న డబ్బాకొట్టులో వాచీలు బాగుచేస్తూ బతికాడు. ఎదురుపడితే మామూలుగానే పలకరించేవాడు, అది నాకు తిట్టు కంటే ఎక్కువగా తగిలేది. అక్క చాలా ఏళ్ళు నా గడప తొక్కలేదు. మేనేజరు మీద కోపం మేనేజరు పోయాక కూడా నాలో మిగిలే ఉంది. కానీ అందులో వాడి వాటా ఏటేటా తగ్గుతోంది, నాది పెరుగుతోంది. కుర్రవాణ్ణి, భయపడ్డాను, ఆలోచించే టైం లేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మేనేజరు ప్రశ్న అడిగి, సిగరెట్ వెలిగించుకుని, అగ్గిపుల్ల ఆర్పి, నా జవాబు కోసం చూశాడు. నాకు కావలసినంత టైం ఉండింది.