పప్పు ఉడికే ఊరి కోసం: తెనాలి, బాపట్ల, రేపల్లె

మా బాబాయి మిలటరీ నుంచి రిటైరై వచ్చిన నెలలోపే మా తెనాలి ఇంటి వరండాలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఆయన చేసిన దేశసేవంతా ఆకుపచ్చ ట్రంకుపెట్టెల రూపంలో రైల్వే పార్సిల్లో దిగింది. నేను బి.ఏ. ప్యాసై ఉద్యోగం లేకుండా ఉన్నవాణ్ణి, అంటే మంచం మీద హక్కు లేనివాణ్ణి. కనక ఆ పెట్టెల మీదే నా పడక. బాబాయి తొందరగా ఎక్కడో ఒకచోట భూమి కొనుక్కుని స్థిరపడాలన్న కోరిక ఆయనకంటే నా నడుముకే ఎక్కువగా ఉండేదని పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాను. మా వైపు పల్లెల్లో భూమి చూసుకుందామని బయల్దేరేవాళ్లకి పనికొస్తుందేమోనని ఆ ఒక్కరోజు తిరుగుడు రాస్తున్నాను. పనికి రాకపోతే బెంగపడకండి, నా చదువు కూడా ఇంతవరకూ రాలేదు.

బాబాయికి కావలసింది వరి పండే మాగాణి. "వరి పండనిది భూమి కాదురా, పెరేడ్ గ్రౌండు" అనేది ఆయన సిద్ధాంతం. తెనాలి చుట్టూ మాగాణి లేక కాదు, ఎకరం ధర వినేసరికి ఆయన వరండాలోనే అటెన్షన్‌లో నిలబడిపోయాడు. అదే డబ్బుకి రేపల్లె దాటాక, కాలవ చివరి ఊళ్లలో, రెండెకరాల పైన వస్తుందన్నారు. అక్కడొక స్కూలు మాస్టారు పొలమూ ఇల్లూ కలిపి అమ్ముతున్నారని తెలిసి, 'శనివారం బయానాతో వస్తున్నాం' అని బాబాయి కబురు కూడా పంపేశాడు.

అప్పుడు అడ్డుపడింది మా పిన్ని. "పెళ్లయిన కాణ్ణించీ మీరు ఏ ఊళ్లో దింపితే ఆ ఊళ్లో దిగాను. జలంధరన్నారు, దిగాను. ఝాన్సీ అన్నారు, దిగాను. ఈసారి దిగితే ఇంక లేవను. కాబట్టి దిగేముందు నేను చూడాలి" అంది. ఆవిడ చూడడమంటే పొలం గట్ల మీద తిరగడం కాదు. మా వైపు వెనకటి ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉంది: పిల్లనిచ్చే ఊరైనా, కాపరం పెట్టే ఊరైనా, ముందు ఆ ఊరి నీళ్లతో గుప్పెడు కందిపప్పు ఉడికిస్తారు. మంచినీళ్లయితే మెత్తగా ఉడుకుతుంది. ఉప్పునీళ్లయితే ఎంతసేపు మండించినా గింజ గింజలాగే ఉంటుంది. ఝాన్సీలో నీళ్లు కుదరక తాము రెండేళ్లు చారు తాగి దేశాన్ని కాపాడామని పిన్ని వాదన. పైగా బాపట్ల ఇసక నేలల్లో చవగ్గా ఏదో ఉందట, "దారిలోదేగా, అదీ చూద్దాం" అంది. బాపట్ల రేపల్లెకి ఏ దారిలోనూ లేదు. కాని ఇన్నేళ్ల కాపరంలో మొదటిసారి ఆవిడ ఒక దారి చెబితే కాదనే ధైర్యం మిలటరీకి కూడా లేకపోయింది.

పొద్దున్నే ఆరింటి ప్యాసింజరెక్కాం. టిక్కెట్టు రూపాయిలోపే, ఆ డబ్బుకి రైలు చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల అన్నీ తీరిగ్గా చూపిస్తుంది, కొన్నిచోట్ల అడగకపోయినా ఆగి చూపిస్తుంది. బాపట్ల స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్ఫై పైసలు, పచ్చడి ఎంత అడిగితే అంత. బ్రోకరు కోటయ్య గారు సైకిలు మీద వచ్చి మమ్మల్ని జట్కా ఎక్కించారు. రెండు రూపాయలకి బేరం. ఇసక మొదలయ్యే చోట జట్కా ఆగిపోయింది.

"ఇంక నడవాలండి. మా గుర్రం ఇసకలో దిగదు. దానికి తెలివుంది" అన్నాడు జట్కావాడు.

"అంటే మాకు లేదనా?" అన్నాడు బాబాయి.

"మీకు పొలం కావాలిగా బాబుగారూ, ఏం చేస్తారు మరి!"

అక్కణ్ణించి ఎండలో మైలు పైన నడక. ఇటు వేరుశనగ పీకేసిన చేలు, అటు జీడిమామిడి, మధ్యలో సరుగుడు తోటలు. నా చెప్పులు అడుక్కొకటి చొప్పున నన్ను వదిలి వెళ్లిపోయేవి. బాబాయి బూట్లు విప్పి బోర్లిస్తే ఒక్కోదాంట్లోంచి సోలెడు ఇసక రాలింది.

"ఇక్కడ చెయ్యి పెడితే నీళ్లండి" అన్నారు కోటయ్య గారు.

"చెయ్యి పెడితే నీళ్లు, కాలు పెడితే నిప్పులు. వరి పండుతుందా?"

"వరి పండదండి. మిగతావన్నీ పండుతాయండి."

"పద ఒరేయ్, బి.ఏ.! రేపల్లె బస్సు చూడు" అన్నాడు బాబాయి.

పిన్ని మాత్రం కదల్లేదు. ఇసకలో వెడల్పుగా తవ్విన గుంట ఉంది, వాళ్లు దొరువు అంటారు. అందులోకి దిగి చిన్న ఇత్తడి గిన్నెతో నీళ్లు ముంచుకుంది. మూడు రాళ్లు పెట్టి, ఎండు సరుగుడు పుల్లలు ఏరి, కొంగున కట్టిన పప్పు వేసింది. నేను తాటాకు పాక నీడలో ఇంకో గంట పడుకోవచ్చని లెక్కేసుకున్నాను. ఓ కునుకు తీసేలోపే పిన్ని లేపింది. వేలితో మెదిపితే పప్పు వెన్నలా అయిపోయింది. ఆవిడ ఆ గిన్నెలో మిగిలింది తిని, నీళ్లు తాగి, ఇంకోసారి ముంచుకుని తాగింది.

బాపట్ల నుంచి రేపల్లె బస్సు పన్నెండింటికి. కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా వెళుతుంది. సీట్లు దొరికాయి, కాని అవి సూర్యుడివైపు సీట్లు. మధ్యలో ఇంజను కాగిపోయి అరగంట ఆగాం. కండక్టరు బకెట్టు పట్టుకుని నీళ్ల కోసం ఇంటింటికీ తిరిగాడు. "మీ బస్సుకే ఇంత దాహమేస్తే మా సంగతేంటయ్యా?" అని ఒక పెద్దాయన అడిగితే, "మీకూ మూత తీస్తే పోస్తానండి" అన్నాడు. నవ్వడానికి కూడా ఓపిక లేదు. రేపల్లెలో దిగి, సోడా తాగి, రెండు రిక్షాలు మాట్లాడుకుని మాస్టారి ఊరు చేరేసరికి మూడు దాటింది. దారి పొడుగునా కాలవ అడుగు కనిపిస్తూనే ఉంది. వేసవిలో కట్టేస్తారు కదా, బురద ఎండి పెంకుల్లా లేచి ఉంది.

మాస్టారు మంచి మనిషి. వీధి గుమ్మంలోనే కాళ్లకి నీళ్లిచ్చారు. గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, కింద చాప, చాప మీద విస్తళ్లు. ఆయన భార్య రూతమ్మ గారు మా కోసం అన్నం తినకుండా కూచున్నారట. పప్పు, వంకాయ కూర, మజ్జిగ. పప్పు చక్కగా మెత్తగా ఉంది. పొలం కూడా బాగుంది, కోతలైన మడిలో వరి మోళ్లు దట్టంగా ఉన్నాయి. బాబాయి ఒక మట్టిగడ్డ పగలగొట్టి వాసన చూసి, ఇన్నాళ్లకి ఇంటికొచ్చిన మనిషిలా మొహం పెట్టాడు.

"చూశావుగా, మూడుసార్లు వడ్డించుకున్నావు" అని పిన్నితో గుసగుసగా అని, బయానా కోసం బనీను జేబులో చెయ్యి పెట్టాడు.

"ఒక్క నిమిషమండీ" అంది పిన్ని. వంటింటి గుమ్మం దగ్గరకెళ్లి, "వదినా, నీ పొయ్యి మీద నా పప్పు గుప్పెడు ఉడికించుకోనా?" అంది.

రూతమ్మ గారి మొహం చిన్నబోయింది. "ఏంటి వదినా, మా చేతి వంట పడలేదా? మొహమాటానికి తిన్నారా?"

"అయ్యో, అదేం మాట! చేతిది కాదమ్మా, నీళ్లది. నా చాదస్తం. ఝాన్సీ దెబ్బ తిన్నదాన్ని."

నేను మంచినీళ్ల కోసం అక్కడే నిలబడ్డాను కాబట్టి కళ్లారా చూశాను. వంటింట్లో మూత పెట్టిన బిందె ఒకటి, మూత లేని పెద్ద కాగు ఒకటి ఉన్నాయి. రూతమ్మ గారి చెయ్యి ముందు బిందె మీదికే వెళ్లింది. వసారాలోంచి మాస్టారు దగ్గారు. ఆవిడ చెయ్యి అక్కడే కాసేపు ఆగి, తర్వాత కాగులోకి దిగింది.

ఆ పప్పు ఉడుకుతూనే ఉంది. బాబాయి మాస్టారికి జలంధర్ చలి గురించి చెప్పాడు, ఝాన్సీ ఎండ గురించి చెప్పాడు, చెప్పడానికి ఊళ్లయిపోయాయి. గిన్నెలో గింజలు గలగలా కొట్టుకుంటున్నాయి. పిన్ని ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్లు తుడుచుకుంటోంది.

"ఇంక ఊదకు వదినా" అన్నారు రూతమ్మ గారు చివరికి. "పొద్దు గూకేదాకా మండించినా అదింతే. ఇందాక మీరు తిన్నదానికి నీళ్లు ఈయన రేపల్లె నుంచి బండి మీద తెప్పించారు. కాలవ కట్టేశాక మాకు ఈ బావే. ఊళ్లో చెరువు కూడా ఈపాటికి అడుగంటింది, పొరుగూరెళ్లి మోసుకురావాల్సిందే."

"రూతమ్మా!" అన్నారు మాస్టారు వసారాలోంచి.

"మీరుండండి. భూమి మంచిదే వదినా, అబద్ధం లేదు. వచ్చినవాళ్లంతా ఈయన్ని ఎన్ని బస్తాలవుతాయనే అడిగారు, పొయ్యి దగ్గరకి ఎవరూ రాలేదు. నీళ్లు మోసీ మోసీ విసుగెత్తి, ఎలాగోలా వదిలించుకుపోదామనే నేనూ అమ్మమన్నాను. కాని నువ్వు ఇక్కడికొచ్చి కూచున్నాక, ఈ బిందె నీ నడుమ్మీద పెట్టి నేనెలా పోను?"

బాబాయి లేచి వంటింట్లోకొచ్చాడు. గిన్నెలోంచి ఒక గింజ తీసి వేళ్లమధ్య నొక్కాడు. అది తుపాకి గుండులా నిలబడింది. "మాటిచ్చానే" అన్నాడు పిన్నితో, చాలా చిన్నగా.

"మీ ఇష్టమండీ. దిగమంటే దిగుతాను. లేవను, అంతే."

ఆయన గడప మీద కూచున్నాడు. ఒకసారి గుమ్మంలోంచి వరి మడి వైపు చూశాడు, ఒకసారి పొయ్యి వైపు చూశాడు. ఆ చూపులో పొలం ఎంత దగ్గరకొచ్చి ఎంత దూరం పోయిందో నాకు కనిపిస్తూనే ఉంది. తర్వాత ఆయన లేచి, "మాస్టారూ, క్షమించాలి" అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట వినడం నాకదే మొదలు.

మాస్టారు "పోన్లెండి. బేరమొచ్చినప్పుడల్లా ఆ నీళ్ల బండివాడికి ఇచ్చుకోలేక నేనూ చస్తున్నా" అన్నారు. ఆయనే ముందు నవ్వారు. రూతమ్మ గారు నవ్వలేదు. బిందెలో ఉన్న మంచినీళ్లు మా సీసాలో నింపి, "రైల్లో తాగండి" అని పిన్ని చేతికిచ్చారు. వద్దంటే వినలేదు.

రేపల్లెలో సాయంత్రం ప్యాసింజరు స్టేషన్లోనే కాచుకుని ఉంటుంది, బ్రాంచి లైను కదా, దానికి వేరే పనేమీ లేదు. రైలు భట్టిప్రోలు దాటింది. అప్పుడు బాబాయి అడిగాడు:

"ఒరేయ్, ఇసకలో వేరుశనగ ఎప్పుడు వేస్తారు?"

"నాది హిస్టరీ బాబాయ్. ఎవరెవరు ఎక్కడ ఓడిపోయారో చెప్పగలను."

"అది నాకూ తెలుసులే" అని పిన్ని వైపు చూశాడు. ఆవిడ కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. "ఇన్ని వేల మైళ్లు తిప్పాను, రైల్లో ఈవిడ కన్ను మూయడం చూళ్లేదురా. సామాను కాపలా కాస్తూ కూచునేది" అన్నాడు. మెల్లిగా ఆవిడ ఒళ్లోంచి సంచీ తీసి తన ఒళ్లో పెట్టుకుని, తెనాలి దాకా అలాగే కూచున్నాడు.

బాపట్ల ఇసకకే రిజిస్ట్రేషనయింది. బాబాయి ఇప్పటికీ దాన్ని పొలమనడు, 'మీ పిన్ని స్థలం' అంటాడు. స్థిరపడడమంటే మనకి నచ్చిన నేల దొరకడమనుకునేవాణ్ణి. ఇద్దరిలో ఎవరో ఒకరు తమకి నచ్చిన నేలని వదులుకుని, రెండోవాళ్లు కునుకు తీస్తుంటే సంచీ పట్టుకు కూచోవడమేమోనని ఇప్పుడనిపిస్తోంది. ఇది నా వయసుకి మించిన వేదాంతం, బస్సు బడలిక కింద జమకట్టుకోండి. నాకు మిగిలిన దిగులు మాత్రం ఒకటుంది: రూతమ్మ గారి ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదట. పొయ్యి దాకా రాని మనిషెవరో వచ్చి కొనుక్కుంటే బాగుండునని ఒకసారి, ఆ కొన్నాయన భార్య సంగతేమిటని ఇంకోసారి అనుకుంటాను. ఎటూ తేలదు. కొనదలచినవాళ్లకి నా సలహా ఒక్కటే: సంక్రాంతి రోజుల్లో మా వైపు భూములు చూడకండి, అప్పుడు ప్రతి ఎకరమూ పెళ్లికూతురిలాగే ఉంటుంది. కాలవలు కట్టేశాక, ఎండలు ముదిరాక రండి. అప్పటికీ నచ్చిందంటే కొనుక్కోండి.